పాలు ఎగచేపిన ఆవు పుట్టింటికి పోయొచ్చాం

గ్రంథాలయంలో ముప్ఫై ఏళ్లు ఉద్యోగం చేశాను. కాశీ యాత్రలు, కైలాస యాత్రలు ఎన్ని చదివానో లెక్కలేదు. వాటిలో ఒక్కదానికీ పోలేదు. రిటైరయ్యాక నా మొదటి యాత్ర ఒక ఆవు పుట్టింటికి అవుతుందని ఏ జ్యోతిష్కుడూ చెప్పలేదు. అయినా పోయొచ్చాను. ఆ దారిలో ఎవరికైనా పని పడితే ఉపయోగపడుతుందని బస్సుల వేళలు, టికెట్లు, తిండి అన్నీ రాసి పెట్టుకున్నాను.

మా చెల్లెలు లక్ష్మీదేవిది యాడికి దగ్గర పల్లె. ఇరవై ఏళ్లు చీనీ, అంటే బత్తాయి, తోటల్లో కూలికి వంగి వంగి దాని నడుము అరిగిపోయింది. ఇక తోట పని చేస్తే మంచం పట్టడమేనని డాక్టరు చెప్పాడు. అప్పుడు ఇంట్లో ఉన్న పన్నెండు గొర్రెలనూ అమ్మేసి, గోరంట్ల వైపు నుంచి ఒక సీమ ఆవును, దాని దూడను కొనుక్కుంది. ఆవుకు గౌరి అని పేరు పెట్టుకుంది. అమ్మినామె ఇంట్లో రెండు పూటలా కలిపి పదకొండు లీటర్లు ఇచ్చిన గౌరి, మా చెల్లెలి ఇంటికొచ్చి నెల తిరిగేసరికి మూడు లీటర్లకు దిగింది.

పొదుగులో పాలు లేక కాదు. ఆవు పాలను కిందికి విడవడాన్ని చేపడం అంటారు. ఉన్న పాలను పైకి పట్టుకుని విడవకపోతే ఎగచేపడం. గౌరి ఎగచేపుతోంది. యాడికి నుంచి పశువుల డాక్టరు వచ్చి చూశాడు. జ్వరం లేదు, పొదుగువాపు లేదు. "ఆవు బాగుంది. మీరెట్లున్నారు?" అని అడిగి వెళ్లిపోయాడు.

దాని మొగుడు, నా మరిది ఓబులేసు మాత్రం ఒక నిర్ణయానికి వచ్చేశాడు. అమ్మినామె పాలు దిగే సూది వేసి చూపించింది, మోసం చేసింది. గురువారం పోయి ఆవును వెనక్కి తీసుకొమ్మంటాడు. కాదంటే శనివారం సంతకు తోలేస్తాడు. మూడు లీటర్ల ఆవును సంతలో పాడికి ఎవరూ కొనరు. ఎందుకు కొంటారో మా చెల్లెలికి తెలుసు. అది తెలిసి రెండు రోజులుగా అన్నం ముట్టలేదు.

"అక్కా, నువ్వు తోడు పో. ఆయప్ప ఒక్కడే పోతే ఆడ కొట్లాటైతాది" అని నాకు ఫోన్ చేసింది. "గౌరిని సంతకు తోలినారంటే నేను మళ్ల తోటకు పోవాల. నా నడుము సంగతి నాకు తెలుసు."

ఇంకేం ఆలోచిస్తాను? బుధవారం సాయంత్రానికి తాడిపత్రి నుంచి వాళ్ల పల్లె చేరాను.

నేను పోయేసరికి పాలు పిండే వేళైంది. కొట్టం ముందు నిలబడి చూస్తే ఆవు కనిపించలేదు. మూడు వైపులా మట్టిగోడ. నాలుగో వైపు, వీధికి తెరిచి ఉండాల్సిన చోట, పాత ఎన్నికల ఫ్లెక్సీ కట్టి ఉంది. పక్కకు తప్పించి లోపలికి పోతే, అందులో ఒక నాయకుడు రెండు చేతులూ జోడించి నిలువెత్తున నవ్వుతున్నాడు, సరిగ్గా ఆవు ముఖంలోకి. బొమ్మ బయటికి పెడితే రెండో పార్టీ వాళ్లు అడుగుతారని లోపలికి తిప్పారట. గాలి వచ్చినప్పుడల్లా ఆ నాయకుడు టపటపమంటూ ఆవు మీదికి వంగి మళ్లీ వెనక్కి పోతున్నాడు.

"ఇదేందమ్మా?" అని ఓబులేసు తల్లి నాగమ్మను అడిగాను.

"దిష్టమ్మా. అంత పొదుగుండే ఆవు ఈ ఊర్లో యాడా లేదు. వచ్చిన దినమే ఎదురింటి ఈరమ్మ చూసి 'అబ్బో' అనింది. అదే రాత్రి ఫ్లెక్సీ కట్టిచ్చినా. అయినా ఆ అబ్బో ఊరికే పోతాదా? పాలు తగ్గినాయి."

పాలు తగ్గేకొద్దీ తెరలు పెంచారు. ఫ్లెక్సీకి అటూ ఇటూ సందుల్లో గోనెపట్టాలు, పైన సందులో కంబళి. లోపల పట్టపగలే చీకటి. నరుడి కంటికి నల్లరాయి పగులుతుందంటారు. మా తాడిపత్రి నిండా బండలు కోసే ఫ్యాక్టరీలే. ఆ మాటే నిజమైతే మిషన్లకు కరెంటు బిల్లులు కట్టడం ఎందుకు, ఇరుగుపొరుగును నలుగురిని కూర్చోబెడితే చాలు. ఈ మాట నాగమ్మతో అనలేదు. రాత్రికి అన్నం పెట్టేది ఆమే.

ఫోన్ లైటు వెలుగులో లక్ష్మీదేవి పాలు పిండడానికి కూర్చుంది. ఆవు కదిలితే అదిలించడానికి ఓబులేసు కట్టె పట్టుకుని నిలబడ్డాడు. దూడను విడిచి, మళ్లీ లాగి కట్టారు. గౌరి చెవులు వెనక్కి పెట్టి కళ్లు పెద్దవి చేసి ఫ్లెక్సీనే చూస్తోంది. గాలికి నాయకుడు ఒకసారి వంగాడు. అంతే, కాలు ఎగిరింది. పాలిచ్చే ఆవు తన్నినా పడాలంటారు. ఇది పాలివ్వకుండానే తన్నింది. మా చెల్లెలు ఏడ్చింది. నాకు ఆ నాయకుణ్ణి చూసి నవ్వొచ్చింది తప్ప, అంత చదువు చదివీ ఇంకేమీ తోచలేదు. ఆ సంగతి ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

గురువారం పొద్దున ఐదూ యాభైకి ఇల్లు వదిలాం. యాడికిలో ఆరూ ఇరవైకి తాడిపత్రి బస్సు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్. ఓబులేసుకు నలభై రూపాయలు.

"ఆవు కొనింది మీ చెల్లెలు, ఉచితం నీకు, దుడ్లు పెట్టేది నేను. బాగుండాది వదినా" అన్నాడు.

ఓబులేసు చెడ్డవాడు కాదు. కోపం వస్తే ముందు నోరు లేస్తుంది, వెనక బుద్ధి నడుచుకుంటూ వస్తుంది. తాడిపత్రిలో ఏడూ పదికి దిగి మరమరాల ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ప్లేటు నలభై. బజ్జీ వేడిగా ఉన్నప్పుడే తినాలి, చల్లారితే పారేయాలి. ఏడూ నలభైకి అనంతపురం బస్సు దొరికింది. తొమ్మిదిన్నరలోపే దించాడు. దారి పొడుగునా ఓబులేసు పెదాలు కదులుతూనే ఉన్నాయి. జపం చేస్తున్నాడేమో అనుకున్నాను. చెవి పెట్టి వింటే, గోరంట్లలో తిట్టబోయే తిట్లు వరసగా అప్పజెప్పుకుంటున్నాడు.

తొమ్మిదీ యాభైకి కొత్తచెరువు బస్సు. పొద్దున పూట ఈ దారిలో పోయేవాళ్లు కుడివైపు కూర్చోవాలి, ఎడమవైపు ఎండ కాలుస్తుంది. మేం ఎడమవైపు కూర్చున్నాం కాబట్టి చెబుతున్నాను. ధర్మవరంలో చీరల పెట్టెలతో ఇద్దరు ఎక్కారు. ముందు సీట్లో తలపాగా చుట్టుకున్న గొర్రెల వ్యాపారి ఒకాయన వెనక్కి తిరిగి, "యాడికి పోతాండారు తల్లీ?" అని అడిగాడు.

"మా ఆవు పుట్టింటికి" అన్నాను.

ఈ మాట అనడం నాదే పొరపాటు. బస్సులో సగం మంది మా వైపు తిరిగారు. సంగతి విని ఎవరికి తోచిన మందు వాళ్లు చెప్పారు.

"ఉప్పురాయి నాకడానికి పెట్టినారా?" అన్నాడు వ్యాపారి.

"తూర్పు మొగానికి కట్టాల. పడమర కడితే పాలు ఎగబడతాయి" అంది పూలబుట్ట పెట్టుకున్న ఒక పెద్దావిడ.

చీరల పెట్టె మనిషి ఓబులేసును పైనుంచి కిందికి చూసి, "ఆ ఇంట్లో అత్త ఉండాదా?" అని అడిగాడు. ఉందన్నాను. "అదే మరి" అని కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఎర్ర నేలలు, రాళ్ల గుట్టలు, వాటి మీద గాలిమరలు. చెనక్కాయ చేలు వాన కోసం చూసి చూసి సగం తలలు వాల్చేశాయి. ఓబులేసు వాటిని చూస్తూ, "ఇంట్లో కసువు గూడా అయిపోవస్తాంది వదినా. పాలియ్యని ఆవుకు యాడ తెచ్చి పెట్టేది?" అన్నాడు. కసువంటే పశువుల మేత. అప్పుడు మాత్రం గొంతులో కోపం లేదు.

పదకొండూ నలభైకి కొత్తచెరువు. టీ తాగి పన్నెండూ పదికి ఇంకో బస్సు పట్టుకుని, ఒంటిగంట దాటాక గోరంట్లలో దిగాం. బస్టాండు ఎదురుగా ఒక చిన్న హోటల్లో రాగిముద్ద, పప్పు, ఊరిబిండి పచ్చడి. డెబ్బై రూపాయలకు కడుపు నిండింది. ఓబులేసు రెండు ముద్దలు తిన్నాడు. కొట్లాటకు బలం కావాలట. అక్కడి నుంచి ఆటోలో మనిషికి ఇరవై ఇచ్చి, రెండింటికల్లా సుగుణమ్మ ఊళ్లో ఉన్నాం.

గౌరిని అమ్మిన మనిషి ఈ సుగుణమ్మే. అరవై ఏళ్లుంటాయి. ఇంటి గుమ్మం పైన ఏసుప్రభువు పటం, గుమ్మం ముందు రోడ్డు, రోడ్డు పక్కనే రేకుల కొట్టం. గోడన్నదే లేదు. కొట్టానికి ఆనుకునే ఊరి పాలకేంద్రం. ఐదు ఆవులు వరసగా నెమరు వేస్తున్నాయి. ఓబులేసు చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టాడు.

"ఏమమ్మా, పదకొండు లీటర్లంటివి! యాడమ్మా పదకొండు?"

"ఏమప్పా, అంత దూరం నుంచి వచ్చినావు, ముందు నీళ్లు తాగు. తిట్టేది యాడికీ పోదు" అంది సుగుణమ్మ. చెంబు చేతికిచ్చి, "రోజీ యెట్లుండాది?" అని అడిగింది.

"రోజీ ఎవరు? మా ఆవు పేరు గౌరి."

"మీ ఇంట్లో గౌరి. మా ఇంట్లో రోజీ. ఎట్లుండాది?"

"మూడు లీటర్లు ఇస్తాండాది. సూది ఏసి పాలు చూపించి మాకు అంటగట్టినావు నువ్వు."

సుగుణమ్మ ముఖం ఎర్రబడింది. చీర కొంగు నడుముకు దోపింది. "సూదా? మా నాయన కాలం నుంచి ఆవులు సాకుతాండాం. ఏ ఆవుకూ సూది ఏసిన చెయ్యి కాదిది. నాలుగున్నరకు పాలు పిండుతా. కండ్లారా చూడు. సూది కనపడితే నీ ఆవును తోలుకొనిరా, దుడ్లు మొత్తం ఇస్తా. కనపడలేదా, ఆవు నీదే, మళ్ల ఆ మాట ఎత్తద్దు."

పందెం కుదిరింది. రెండున్నర గంటలు అరుగు మీద కూర్చున్నాం. ఆమె కొట్టంలో పేడ ఎత్తుకుంది. మధ్యలో మజ్జిగ మాత్రం ఇచ్చింది.

నాలుగున్నరకు ఆ రోడ్డు చూడాలి. క్యాన్లు పట్టుకుని జనం పాలకేంద్రం దగ్గర చేరారు. స్కూలు ఆటోలు హారన్లు కొడుతూ పోతున్నాయి. ఎవరిదో ఫోన్లో పాటలు. ఈ గోలలో సుగుణమ్మ బకెట్ పట్టుకుని ఆవుల మధ్యకు పోయింది. పోతూనే తిట్లు అందుకుంది. "ఏమే, పొద్దున నీళ్లు తాగినావా లేదా? నువ్వు జరుగు, దాని మేత నీకెందుకు?" అంటూ ఒక్కొక్క దాన్నీ పలకరించి, మొదటి ఆవు పొదుగు కడిగి కూర్చుంది. సర్రు సర్రుమని పాలు బకెట్లో పడుతున్నాయి. సూదీ లేదు, ఏమీ లేదు. ఆవు కళ్లు సగం మూసి నెమరు వేస్తోంది. రోడ్డు మీది జనం ఆవును చూస్తున్నారు, ఆవు జనాన్ని చూస్తోంది.

ఇక్కడ ఓబులేసుకు పెద్ద చిక్కు వచ్చింది. మా వైపు, ఎవరింట్లోనైనా ఆవు పాలు పిండుతుంటే బయటి మనిషి ముఖం తిప్పుకోవాలి. అది మర్యాద. ముఖం తిప్పుకుంటే సూది ఎట్లా పట్టుకునేది? అందుకని ఎటో చూస్తున్నట్టు నిలబడి ఓరకంటితో చూస్తున్నాడు. అది తట్టుకున్నాడు కానీ, క్యాన్ల వాళ్లు పదిమంది ఆ నిండు పొదుగును కళ్లప్పగించి చూస్తుంటే తట్టుకోలేకపోయాడు. కొట్లాటకే వచ్చినా, కళ్ల ముందు ఒక ఆవుకు దిష్టి తగులుతుంటే ఊరుకునే మనిషి కాదు. భుజం మీది తువ్వాలు తీసి, రెండు చేతులతో వెడల్పుగా పట్టుకుని, రోడ్డుకూ ఆవుకూ మధ్య అడ్డంగా నిలబడ్డాడు.

గుట్టల మీది గాలి ఒక్కసారి కొట్టింది. తువ్వాలు టపటపమంది. ఆవు నెమరు ఆపింది. చెవులు వెనక్కి పోయాయి, తోక లేచింది, కాళ్లు అటూ ఇటూ తొక్కింది. బకెట్లో చప్పుడు ఆగిపోయింది. సుగుణమ్మ చన్ను లాగుతోంది, చుక్క రావడం లేదు.

"ఏయ్ అప్పా! ఏం చేస్తాండావు ఆడ?"

"అడ్డం పట్టినా. అందరూ చూస్తాండారు."

"చూస్తే చూడనీ! పుట్టినప్పటి నుంచి చూస్తాండారు. నువ్వు తీయి ఆ గుడ్డ!"

ఓబులేసు తువ్వాలు దించాడు. అయినా ఆవు వెంటనే చేపలేదు. సుగుణమ్మ దాని మెడ కింద గోకుతూ, పేరు పెట్టి తిడుతూ, పక్క ఆవును కాస్త దగ్గరికి జరిపి చాలాసేపు బుజ్జగించింది. పావుగంటకు మళ్లీ సర్రుమని చప్పుడు మొదలైంది. ఓబులేసు తువ్వాలు వైపు చూశాడు, ఆవు వైపు చూశాడు, నా వైపు చూశాడు. అతని వెనకే నడిచి వస్తున్న బుద్ధి అప్పుడు అందుకుందని నాకు తెలిసింది.

సుగుణమ్మ లేచి, బకెట్ పక్కన పెట్టి, మెల్లగా అడిగింది. "మీ ఇంట్లో గూడా ఇట్లే అడ్డం పెట్టినారా?"

అతను తువ్వాలు మడత పెట్టసాగాడు. నేనే చెప్పాను. ఫ్లెక్సీ, గోనెపట్టాలు, కంబళి, కట్టె. ఫ్లెక్సీలో నాయకుడు ఎవరి వైపు తిరిగి ఉన్నాడో కూడా చెప్పాను. చిన్నప్పటి నుంచి నాకు దాచడం రాదు.

క్యాన్ల వాళ్లు పడీపడీ నవ్వారు. ఒకతను కళ్లు తుడుచుకుంటూ, "పాపం, అయిదేండ్లకోసారి వస్తేనే మేం తట్టుకోలేం. ఆ ఆవుకు రెండు పూటలా చూపించినారా!" అన్నాడు.

సుగుణమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా రోజీ ఎప్పుడూ ఒంటిగా లేదప్పా. ఈ పక్క దాని అమ్మ, ఆ పక్క దాని చెల్లెలు. చీకట్లో కట్టి, మీద ఏందో కొట్టుకుంటాంటే, నువ్వు కట్టె పట్టుకొని నిలబడితే అది యెట్లిస్తాది? భయపడిన జీవం ఏమన్నా ఇస్తాదా?" అంది.

ఈ ఒక్క మాటకు నేను సిగ్గుపడ్డాను. గౌరి ముఖంలో ఆ భయం ముందురోజు నా కళ్లతోనే చూశాను. చూసి నాయకుణ్ణి తల్చుకుని నవ్వుకున్నాను.

ఏం చేయాలో సుగుణమ్మే చెప్పింది. తెరలన్నీ తీసేయాలి. కట్టె కనపడకూడదు. పక్కన ఇంకొక జీవాన్ని కట్టాలి, ఏదైనా సరే. ఓబులేసు రాయి మీద కూర్చుని తల్లికి ఫోన్ చేశాడు. నాగమ్మ గొంతు స్పీకర్ లేకపోయినా వినపడుతుంది.

"అమ్మా, ఫ్లెక్సీ ఇప్పెయ్."

"ఆమె నీకేమన్నా మందు పెట్టిందా రా?"

"కంబళి గూడా తీసెయ్. పక్కన ఒక జీవాన్ని కట్టాలంట."

"యాడుండాది మనకు? గొర్రెలన్నీ అమ్మేస్తిమి కదా!"

ఓబులేసు గొంతు తగ్గించాడు. "ఎదురింట్లో ఎనుముండాది" అన్నాడు. ఎనుమంటే గేదె.

ఓబులేసు ఫోన్ చెవి నుంచి తీసి లైను ఉందో పోయిందో చూసుకున్నాడు. ఎవరి కంటికి భయపడి ఇంత చేశారో, ఆ ఈరమ్మ ఇంటి ముందుకే పోయి అడగాలి. చివరికి లక్ష్మీదేవి ఫోన్ లాక్కున్నట్టుంది. "నేను పోయి అడుగుతా" అంది. ఆరు గంటలకు మళ్లీ ఫోన్ వచ్చింది. ఈరమ్మ ఎనుమును ఇస్తానందట. కానీ దాన్ని ఒంటిగా పంపదట, పాలు పిండేటప్పుడు తనూ వచ్చి పక్కన కూర్చుంటుందట.

"రేపు సాయంత్రం పాలు చూసి చెప్తా. రాలేదంటే ఎల్లుండి సంతే" అన్నాడు ఓబులేసు.

"ఒక్క దినంలో అన్నీ రావప్పా. నాలుగు దినాలు ఓర్చుకో" అంది సుగుణమ్మ.

"నాలుగు దినాలకు కసువు యాడుండాదమ్మా? ఈ సంత పోతే మళ్ల వారం."

సుగుణమ్మ లేచి పొయ్యి వెలిగించింది. ఆ పూటకు తిరుగు బస్సు అందదని తనే ఆపింది. లాడ్జి మాట ఎత్తితే కోప్పడింది. ఇద్దరికీ జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టి, అరుగు మీద చాపలు వేసింది. తిట్టడానికి పోయి ఆ ఇంటి ఉప్పు తిన్నాం.

శుక్రవారం పొద్దున ఆరున్నరకు చెల్లెలి ఫోన్. గౌరి తన్నలేదు. పాలు మాత్రం పెద్దగా పెరగలేదు. ఓబులేసు ముఖం మళ్లీ ముడుచుకుంది. సుగుణమ్మ ఫోన్ లాక్కుని, "ఆవు చెవి కాడ పెట్టమ్మా" అంది. పెట్టినట్టున్నారు. "ఏమే రోజీ! పెండ్లి చేసి పంపితే ఇదేనా నువ్వు నాకు తెచ్చే పేరు? సిగ్గులేదా నీకు? కసువు తింటాండావా?" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. తర్వాత ఫోన్లోంచి "అంబా" అని పెద్ద కేక. ఇక్కడ కొట్టంలో ముసలి ఆవు ఒకటి తల ఎత్తి ఇంకో కేక వేసింది. రోజీ తల్లట అది. ఓబులేసు లేచి, ముఖం కడుక్కోవాలని తొట్టి దగ్గరికి పోయాడు. అప్పటికే ఒకసారి కడుక్కున్నాడు.

తొమ్మిదిన్నరకు గోరంట్ల నుంచి బయల్దేరి, పదకొండుకు కొత్తచెరువులో అనంతపురం బస్సు ఎక్కాం. ధర్మవరం దాటాక టైరు పంక్చరై గంటసేపు రోడ్డు పక్కన ఉన్నాం. అనంతపురంలో రెండింటికి పెరుగన్నం. రెండూ నలభై ఐదుకు బస్సు, నాలుగున్నరకు తాడిపత్రి. మా ఇల్లు బస్టాండుకు పది నిమిషాల నడక. దిగిపోవచ్చు. కానీ ఆ పూట పాలు తేలకుండా ఇంటికి పోతే నాకు నిద్ర పట్టదు. నాలుగూ యాభైకి యాడికి బస్సులో ఓబులేసు పక్కనే కూర్చున్నాను.

ఆపుకోలేక అతనే మొదలుపెట్టాడు. ముందు సీటు మనిషికి చెప్పాడు, వెనక సీటువాళ్లు విన్నారు, కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి విన్నాడు. సంత శనివారమని, పాలు ఇప్పుడే పిండుతున్నారని అందరికీ తెలిసిపోయింది. ఐదూ ఇరవై ఐదుకు లక్ష్మీదేవి ఫోన్ చేసింది. ఓబులేసు స్పీకర్ నొక్కాడు.

"చెప్పు" అన్నాడు.

"గిన్నె చాల్లేదు. ఈరమ్మక్క ఉరికిపోయి వాళ్లింటి గిన్నె తెచ్చింది."

బస్సులో ఎవరో ఈల వేశారు. "ఎన్ని లీటర్లే?" అన్నాడు ఓబులేసు.

"ఆ శబ్దమేంది? ఎంతమంది ఉండారు ఆడ? ఫోన్ అక్కకియ్యి. స్పీకర్ తీసెయ్."

నేను తీసుకున్నాను. చెల్లెలు అంకె చెప్పింది, నా చెవికి కూడా సరిగ్గా వినపడనంత మెల్లగా. తర్వాత మామూలు గొంతుతో, "రేపు సంతకు ఆయప్పను పొమ్మను. కసువు కొనుక్కొని రమ్మను. గౌరి రాదు. నేను అన్నం తిన్నాలేక్కా" అంది. సరేనన్నాను.

ఆ అంకెను ఓబులేసు చెవిలో వేశాను. తువ్వాలుతో ముఖమంతా తుడుచుకుని కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఎంతంటప్పా?" అని ముందు సీటు మనిషి అడిగాడు.

"ఏముందిలే అన్నా, అవే మూడు" అన్నాడు ఓబులేసు. పళ్లు ముప్ఫై రెండూ కనపడుతున్నాయి.

"మూడు లీటర్లకు రెండు గిన్నెలా?" అన్నాడు కండక్టరు. బస్సంతా నా వైపు చూసింది. దిష్టీ గిష్టీ నమ్మనిదాన్ని, ముప్ఫై ఏళ్లు పుస్తకాల మధ్య బతికినదాన్ని, నేను కూడా తల ఊపి, "చిన్న గిన్నెలు లెండి" అన్నాను.

రెండు రోజులు, పోను రాను ఎనిమిది బస్సులు, రెండు ఆటోలు. ఇంత తిరిగి నేను తెలుసుకున్నది ఒక్కటే. ఆవుకు భయం పోతే పాలొస్తాయి. పాలొస్తే మనిషికి భయం మొదలవుతుంది. బస్సుల వేళలు రాశాను, ఏ వైపు ఎండ కొడుతుందో రాశాను, ముద్ద ఖరీదు రాశాను. మా చెల్లెలు చెప్పిన అంకె మాత్రం రాయను. చదివేవాళ్లలో ఎవరి కళ్లు ఎట్లాంటివో నాకేం తెలుసు?